వేళ్ళకు తగ్గ కీబోర్డు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ నాకంటే బాగా తెలిసినవారు పొద్దుట మాట్లాడారు. నాకు కార్యదర్శి గారు అప్పగించిన విషయం చిన్నది. సెల్‌ఫోనులోనూ, కంప్యూటరులోనూ తెర మీద కనబడే కీబోర్డును మన కళ్ళకూ మన వేళ్ళకూ అనువుగా ఎలా మార్చుకోవాలి అన్నది. కీళ్ళనొప్పులవాళ్ళకి కీల మీద ఉపన్యాసమా అని వెనక వరుసలో ఒకాయన నవ్వుతున్నారు. సరిగ్గా అందుకేనండీ ఈ ఉపన్యాసం.

కొంతకాలంగా సాయంత్రంపూట మన సంఘం ఆఫీసులో కూర్చుంటున్నాను. వచ్చేవారిలో చాలామందిది ఒకటే మాట. "ఫోను మా మనవడు కొనిచ్చాడండీ. మాట్లాడటం వచ్చు, బొమ్మలు చూడటం వచ్చు, రాయడం మాత్రం రాదు" అంటారు. ముప్పై అయిదేళ్ళు నోటు ఫైళ్ళు రాసినవారు, ఆడిట్ అభ్యంతరాలకు పేజీలకు పేజీలు జవాబులు రాసినవారు, ఇవాళ రాయడం రాదంటున్నారు. దర్జీ కుట్టిన చొక్కా బిగుతైతే చొక్కాని వదులు చేయిస్తాం గాని మన ఒళ్ళు తగ్గించుకోం కదా. ఈ బోర్డు కూడా అటువంటిదే. పాతికేళ్ళ కుర్రవాడి వేలికొలతకు కుట్టి మన చేతికిచ్చారు. దాన్ని విప్పి కుట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంది. అది ఎక్కడుందో ఎవరూ చెప్పరు, అంతే.

నేను 1973లో రాజమండ్రి దానవాయిపేటలో టైపు నేర్చుకున్నాను. ముందు ఇంగ్లీషు లోయరు, హయ్యరు, ఆ తరవాత తెలుగు. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య గారి అధ్యక్షతన అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. ఆ రోజుల్లోనే మా ఆఫీసుకూ ఒక తెలుగు మిషను దిగింది. ఇంగ్లీషు టైపిస్టులు దాని దగ్గరికి వెళ్ళాలంటే జంకేవారు. కారణం ఉంది. నలభై పైచిలుకు కీలు, ఒక్కో కీకి రెండేసి గుర్తులు. మన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ ఆ కాసిని కీలలోనే ఇరికించాలి. అంచేత కొన్ని గుర్తులను క్యారేజి కదలని కీల మీద పెట్టారు. వాటిని డెడ్ కీలు అనేవాళ్ళం. ముందు ఆ డెడ్ కీ కొడితే కాగితం మీద గుర్తు పడుతుంది గాని క్యారేజి కదలదు. తరవాత అక్షరం కొడితే రెండూ ఒకేచోట కలుస్తాయి. చూసేవాళ్ళకి తలకిందులుగా ఉంటుంది గాని, అలవాటైన చేతికి అది సంగీతం.

ఆ మిషనులో ఒక అక్షరం చోటు మార్చాలంటే మెకానిక్కు రావాలి, కడ్డీ చివర టంకం కరిగించాలి, అచ్చు ఊడదీసి ఇంకోటి అతికించాలి. కీబోర్డు అంటే దేవుడు రాసిన రాత అన్న భావం మనకు అక్కడే పాతుకుపోయింది. ఇంగ్లీషువాళ్ళదీ అదే సంగతి. పై వరుస క్యు, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అని మొదలవడం 1870లలో అమెరికాలో షోల్స్ అనే ఆయన తయారుచేసిన మిషనుతో వచ్చింది. కడ్డీలు పోయాయి, రిబ్బను పోయింది, గంట పోయింది. గాజుపలక మీద కూడా ఆ వరుస మాత్రం పోలేదు.

కాని గాజుపలక మీద ఉన్నది కీ కాదు, కీ బొమ్మ. బొమ్మను పెద్దది చేయవచ్చు, చిన్నది చేయవచ్చు, పక్కకి జరపవచ్చు, ఒక అక్షరం బదులు ఇంకొకటి పెట్టవచ్చు. టంకం అక్కర్లేదు.

ముందు కంప్యూటరు సంగతి చెప్పి ఫోనుకు వస్తాను. ఇప్పటి విండోస్ కంప్యూటరులో విండోస్ గుర్తున్న కీ, కంట్రోలు కీ రెండూ పట్టుకుని 'ఓ' నొక్కండి. తెర మీద ఒక కీబోర్డు లేస్తుంది. మౌసుతో దాని మీద నొక్కుతూ రాసుకోవచ్చు. మూల పట్టుకుని లాగితే తెర వెడల్పంతా పరుచుకుంటుంది. అంత పెద్ద అక్షరాలు మన రేషను షాపు బోర్డు మీద కూడా ఉండవు. లాంగ్వేజి సెట్టింగులలో తెలుగు చేర్చుకుని, విండోస్ కీతో స్పేస్ బారు నొక్కితే బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు వస్తాయి.

ఆ తెలుగు అమరిక పేరు ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలన్నిటికీ కలిపి చేయించిన అమరిక ఇది. టైపు మిషనులాగా అక్షరం ఆకారాన్ని బట్టి కాక, పలుకును బట్టి పేర్చారు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. 'కె' ఉన్నచోట క, షిఫ్టుతో ఖ. 'ఎల్' ఉన్నచోట త, షిఫ్టుతో థ. హిందీలో క ఎక్కడుందో తెలుగులోనూ అక్కడే, కన్నడంలోనూ అక్కడే. నా అభిప్రాయంలో ఇంత బుద్ధిగా చేసిన ప్రభుత్వపు పని అరుదు. అయినా మన ఆఫీసుల్లో దాన్ని నేర్పినవారు తక్కువ. ప్రైవేటు ఫాంట్ల కంపెనీలు ఒక్కొక్కరూ ఒక్కో అమరిక తెచ్చారు, డి.టి.పి. సెంటర్లు వాటికే అలవాటుపడ్డాయి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. అయినా ఆ తరవాత చాలా ఏళ్ళపాటు ఒక ఆఫీసులో కొట్టిన తెలుగు ఇంకో ఆఫీసు కంప్యూటరులో చీమలు పాకినట్టు కనబడేది. ఆ కష్టం ఇక్కడున్న టైపిస్టులందరికీ తెలుసు.

ఆ తెర కీబోర్డులో ఆప్షన్స్ అని ఒక కీ ఉంది. దాన్ని నొక్కి చూడండి. చాలామంది నొక్కరు. మౌసును క్లిక్కు చేయడానికి వేలు సహకరించనివారికి, 'హోవర్ ఓవర్ కీస్' అని ఉంటుంది. బాణం గుర్తును అక్షరం మీద కాసేపు నిలిపితే చాలు, అక్షరం పడుతుంది. ఎంతసేపు నిలపాలో కూడా మనమే పెట్టుకోవచ్చు. చెయ్యి వణికేవారు ఆ సమయం పెంచుకోవాలి, లేకపోతే దారిలో తగిలిన అక్షరాలన్నీ పడతాయి. మౌసు అసలే పట్టలేనివారికి 'స్కాన్ త్రూ కీస్' ఉంది. కీబోర్డు తనంతట తాను వరుసవరుసగా వెలుగుతూ పోతుంది. కావలసినచోటికి వెలుగు రాగానే ఒక్క స్పేస్ బారు కొడితే సరి. ఒక్క వేలు కదిలితే చాలు, ఉత్తరం రాయవచ్చు. నిదానమే. మనకు తొందర ఏముంది, బస్సు వెళ్ళిపోతుందా?

ఇప్పుడు అసలు కుట్టుపని. అమరికనే మార్చుకోవడం. మైక్రోసాఫ్టువారి 'కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్' అని ఒక ప్రోగ్రాము ఉంది, ఉచితం. దాన్ని తెరిచి, ఉన్న తెలుగు అమరికను అందులోకి తెచ్చుకుని, ఏ కీ మీద ఏ అక్షరం ఉండాలో మార్చి, మన పేరు పెట్టి దాచుకోవచ్చు. చివరకు అది ఒక సెటప్ ఫైలు తయారుచేసి ఇస్తుంది. దాన్ని కంప్యూటరులో ఎక్కించుకుంటే, ఉన్న అమరికల పక్కన మనదీ ఒకటి చేరుతుంది. పాతది ఎక్కడికీ పోదు, కాబట్టి భయం లేదు.

నేను చేయించుకున్నది చెబుతాను. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తు కావాలంటే ముందు అక్షరం, తరవాత పొల్లు, ఆ తరవాత రెండో అక్షరం కొట్టాలి. 'ఉత్తర్వులు' అన్న మాట తీసుకోండి, మనం జీవితమంతా కొట్టిన మాటే కదా. తెర మీద మౌసుతో కొడితే మొదటి ఉ కోసం షిఫ్టుతో కలిపి మొత్తం పదకొండు నొక్కులు. ఒత్తు ఒక్క నొక్కుతో పడితే తొమ్మిది. రెండు నొక్కులే కదా అనకండి. వేలికణుపులు వాచినవారికి ఒక పేజీ పూర్తయ్యేసరికి తేడా తెలుస్తుంది.

ఆ ప్రోగ్రాములో ఒక సదుపాయం ఉంది. ఒక కీకి ఒక్క అక్షరమే కాదు, నాలుగు గుర్తుల వరకు అంటించవచ్చు. అంటే పొల్లునూ, త కారాన్నీ కలిపి ఒకే కీకి ఇస్తే అది తావత్తు కీ అయిపోతుంది. కాగితం మీద గళ్ళు గీసి, ఎక్కువగా వాడే ఒత్తులు పదింటిని నేను ఏరాను. మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది, ప్రోగ్రాము దించిపెట్టింది.

"తాతయ్యా, ఆల్ట్ కీ పట్టుకుని కొట్టేలా పెడదాం, అక్కడ చాలా చోటుంది" అంది.

"నీకు రెండు చేతులున్నాయమ్మా. మౌసుతో కొట్టేవాడికి ఆల్ట్ ఒక నొక్కు, అక్షరం ఒక నొక్కు. పొల్లు కొట్టినదానికీ దీనికీ తేడా ఏముంది?" అన్నాను.

"అయితే ఖాళీ కీలు ఎక్కడున్నాయి మరి?"

ఖాళీ కీలు లేవు. కాని పై వరుసలో అంకెల కీలు పది ఉన్నాయి. ఆప్షన్స్‌లో న్యూమరిక్ కీ పాడ్ అన్నదానికి టిక్కు పెడితే, కుడిపక్కన క్యాలుక్యులేటరులాగా అంకెలు విడిగా వస్తాయి. నమ్ లాక్ వేసి ఉంచుకోవాలి, అంతే. ఇంక పై వరుస అంకెలు ఎందుకు? వాటి స్థానంలో పది ఒత్తులు కూర్చోబెట్టాం. ఒకటి మీద తావత్తు, రెండు మీద యావత్తు, మూడు మీద వావత్తు, ఇలా. పాత టైపిస్టులకు ఒక హెచ్చరిక. మిషను మీద డెడ్ కీ ముందు, అక్షరం తరవాత. ఇక్కడ అక్షరం ముందు, ఒత్తు తరవాత. చేతికి ఉన్న పాత జ్ఞాపకం ఒక వారం పదిరోజులు ఎదురుతిరుగుతుంది. తరవాత లొంగుతుంది.

ఫోనుకు వస్తాను. మీలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. వాటిలో చాలావాటిలో గూగుల్ వారి జీబోర్డు ఉంటుంది. రాసేచోట వేలు పెట్టి బోర్డు పైకి రాగానే, దాని మీద పళ్ళచక్రం గుర్తు వెతకండి. అదే సెట్టింగుల గుమ్మం. లోపల లాంగ్వేజెస్‌లో తెలుగు చేర్చుకోవాలి. పేర్లు, చోట్లు ఫోనును బట్టి కొద్దిగా అటూఇటూ ఉంటాయి, కంగారుపడవద్దు.

ముందుగా ఎత్తు. 'కీబోర్డ్ హైట్' అన్నచోట 'ఎక్స్‌ట్రా టాల్' వరకు పెంచుకోవచ్చు. తెరలో సగం బోర్డే ఆక్రమిస్తుంది, ఆక్రమించనివ్వండి. థీమ్‌లోకి వెళ్ళి కీల చుట్టూ గీతలు వచ్చేలా పెట్టుకోండి. ఏ గడి ఎక్కడ ముగిసిందో చత్వారం ఉన్న కంటికి అప్పుడుగాని తెలియదు. అంకెల వరుస శాశ్వతంగా పైన ఉండేలా 'నంబర్ రో' వేసుకోండి. ఖాతా నంబరు కొట్టేటప్పుడు బోర్డు మార్చుకునే బాధ తప్పుతుంది.

వీటన్నిటికంటే మనకు ముఖ్యమైనది, ఎవరూ చూడనిది ఒకటి ఉంది. 'కీ లాంగ్ ప్రెస్ డిలే'. ఒక అక్షరం మీద వేలు నొక్కి ఉంచితే దాని చుట్టాలు పైకి లేస్తాయి, చూసే ఉంటారు. కుర్రవాళ్ళ వేలు తగిలి లేచిపోతుంది. మన వేలు కొంచెం నిలుస్తుంది. ఫోను దాన్ని నొక్కిపట్టడం అనుకుని, అడగని అక్షరం ఇస్తుంది. "ఫోను పాడైందండీ, ఒకటి కొడితే ఒకటి పడుతోంది" అని మన ఆఫీసుకు వచ్చినవారిలో కొందరి జబ్బు ఇదే. ఆ డిలే కొంచెం పెంచితే జబ్బు నయమైంది. ఐఫోనులో ఇటువంటి పనికి యాక్సెసిబిలిటీలో 'టచ్ అకామడేషన్స్' అని ఉంది. వేలు ఎంతసేపు ఆనితే లెక్కకు తీసుకోవాలో అక్కడ చెప్పవచ్చు.

మనవలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే తెలుగుగా మారే పద్ధతి చూపిస్తారు. అదీ జీబోర్డులో ఉంది, మంచిదే. కాని న, ణ తేడా, ల, ళ తేడా ఫోను ఊహించి పెడుతుంది. వర్ణక్రమం తెలిసిన మనకు, నేరుగా అక్షరాలు కొట్టుకోవడమే మేలని నా మతం. నోటితో చెబితే రాసే సదుపాయం కూడా ఉంది. నేనూ వాడతాను. కాని ఇంట్లో టీవీ మోగుతుంటే అది సీరియలు డైలాగులు కూడా రాస్తుంది. పైగా నలుగురి మధ్య నోరు తెరిచి చెప్పకూడనివి కొన్ని ఉంటాయి.

నోరు తెరిచి చెప్పలేనివారూ ఉంటారు. మన సంఘం సభ్యులే ఒకరు, ట్రెజరీలో చేసి రిటైరైనవారు, పేరు చెప్పను. నాకు సర్వీసులో పెద్దవారు, గురువుగారూ అని పిలుస్తాను. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దైపోయింది. అర్థం చేసుకునే శక్తికి లోటు లేదని డాక్టరు చెప్పారు. అది ముఖ్యం. కొన్ని పక్షవాతాల్లో భాషే దెబ్బతింటుంది, అప్పుడు ఏ కీబోర్డూ చాలదు. ఈయనకు అలా కాలేదు. అయినా మాట రాని మనిషిని ఇంట్లోవాళ్ళు పసిపిల్లవాడి కిందో, సామాను కిందో లెక్కవేయడం మొదలవుతుంది. ఎవరి తప్పూ కాదు. పిలిస్తే పలకని మనిషితో ఎంతకాలం మాట్లాడతారు?

నేను వెళ్ళేసరికి వాళ్ళబ్బాయి ఫోనులో ఒంటిచేతి అమరిక పెట్టి ఉంచాడు. పేరు చూసి అందరూ అదే పెడతారు. కాని అది ఫోను పట్టుకున్న చేతి బొటనవేలితోనే కొట్టేవారికోసం చేసింది. బోర్డును ఒక పక్కకు కుదించి, కీలు ఇంకా చిన్నవి చేస్తుంది. గురువుగారి ఫోను స్టాండు మీద ఉంది, పట్టుకునే పనే లేదు. అంచేత ఆ అమరిక తీసేశాం. ఫోనును అడ్డంగా తిప్పి పెట్టాం, కీలు వెడల్పయ్యాయి. లాంగ్ ప్రెస్ డిలే బాగా పెంచాం. తరవాత డిక్షనరీ అన్నచోట పర్సనల్ డిక్షనరీలో తెలుగులో పొట్టిమాటలు ఎక్కించాం. అక్కయ్యగారు కాగితం మీద రాసి ఇచ్చారు. 'మం' అని కొడితే 'మంచినీళ్ళు ఇవ్వండి' అని పైన పట్టీలో వస్తుంది, దాని మీద వేలు ఆనిస్తే సరి. 'తి' అంటే 'పక్కకి తిప్పండి'. 'నొ' అంటే 'నొప్పిగా ఉంది'. నాలుగు రోజుల తరవాత వెళ్తే ఆయనే ఒకటి చేర్చుకున్నారు. 'టి' అంటే 'టీవీ కట్టెయ్యండి'. రోజూ వేసి వెళ్ళిపోతున్నారట.

ఒక ఆదివారం ఇద్దరబ్బాయిలూ మంచం పక్కనే కూర్చుని ఇల్లు అమ్మే విషయం మాట్లాడుకుంటున్నారట. హైదరాబాదులో ఫ్లాటు తీసుకుంటే నాన్నగారిని అక్కడికి మార్చవచ్చని. మంచి ఆలోచనే కావచ్చు. గురువుగారు ఎడమచేతి చూపుడువేలితో కొట్టడం మొదలెట్టారు. పొట్టిమాటల్లో లేని వాక్యం, అక్షరం అక్షరం కొట్టాలి. చాలాసేపు పట్టిందని అక్కయ్యగారు చెప్పారు. "ఇల్లు నా పేర ఉంది. నన్ను అడగండి." అంతే రాశారు. అచ్చం ఆయన నోటు ఫైలులాగే ఉంది. ఆ ఇంటి సంగతి చివరికి ఏమైందన్నది వారి కుటుంబ విషయం, ఇక్కడ చెప్పను. ఆయన్ని అడిగారు, అది మాత్రం చెబుతాను.

ఇక జాగ్రత్తలు. కొత్త కీబోర్డులు, రంగురంగులవి, ఫోనులో ఎన్నో దొరుకుతాయి. వేసుకునేటప్పుడు, మీరు కొట్టేదంతా, పాస్‌వర్డులతో సహా, ఇది సేకరించగలదు అని ఫోనే హెచ్చరిస్తుంది. మనం ఓకే నొక్కేస్తాం. అది ఉత్తుత్తి హెచ్చరిక కాదు. కీబోర్డు అంటే మన ప్రతి అక్షరం చూసే మనిషి, డిస్పాచి గుమాస్తా కంటే ఎక్కువ చూస్తాడు. ముక్కూమొహం తెలియని కంపెనీ కీబోర్డు ఎంత అందంగా ఉన్నా వద్దు. ఫోనుతో వచ్చినదాన్నే మార్చుకోండి. పొట్టిమాటల్లో ఇంటి అడ్రసు పెట్టుకోవచ్చు గాని ఏ.టి.ఎం. పిన్ను, పాస్‌వర్డు, పి.పి.ఓ. నంబరు పెట్టవద్దు. కొన్ని బ్యాంకుల సైట్లలో తెర మీద అంకెలు తారుమారుగా కనబడతాయి, అది చెడిపోవడం కాదు. మన నొక్కులను దొంగచాటుగా నమోదుచేసే ప్రోగ్రాములకు దొరకకుండా కావాలని కలుపుతారు. దాన్ని మార్చుకునే ప్రయత్నం చేయవద్దు.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల పని ఎటూ ఉంటుంది. జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే పద్ధతి 2021లో వచ్చింది. ముఖం మనదే అయినా, ముందు వివరాలు ఎవరో ఒకరు కొట్టాలి. ఆ ఎవరో మనమే అయితే ఓ.టి.పి. ఇంకొకరికి చెప్పే అవసరం రాదు.

భోజనాల తరవాత ఆ కిటికీ పక్క బల్ల దగ్గర నేనూ, మా మనవరాలూ కూర్చుంటాం. ఎవరి ఫోను వారు తెచ్చుకోండి. ఫోనుతోపాటు కళ్ళజోడు కూడా తెచ్చుకోండి. క్రిందటిసారి సగంమంది మరిచిపోయి వచ్చారు. పాత తెలుగు టైపిస్టులు ఎవరైనా ఉంటే ముందు రండి, ఒత్తుల వరుస ఇంకా బాగా ఎలా పేర్చవచ్చో మీతో కూర్చుని చూడాలని ఉంది. తొమ్మిదో కీ మీద ఏ ఒత్తు ఉండాలన్నది మా ఇద్దరికీ ఇంకా తేలలేదు.